కొత్తింటికి మీదైన రూపు: ఫోటోలు పోగుచేసే ముందు చీరల బీరువా తెరవండి

తాళాలు చేతికొచ్చిన వారం తిరక్కుండానే ఫోన్‌లో ఇంటి ఫోటోలు రెండు మూడు వందలు పోగవుతాయి. వాటిలో సగం చలిదేశాల ఇళ్లవే. తెల్లటి గోడలు, లేత చెక్క నేల, ఊలు దుప్పటి, కిటికీ పక్కన ఒక్క కుర్చీ. అక్కడ చలికాలమంతా ఎండ కరువు. దొరికిన కాస్త వెలుతురూ గదంతా పరుచుకోవాలని గోడలకు తెలుపు వేస్తారు. మనకేమో ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండను లోపలికి రాకుండా ఆపడమే పెద్ద పని. ఆ ఫోటోను ఉన్నదున్నట్టు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పడమటి బాల్కనీ ఉన్న హాల్లోకి దించితే పగలు కళ్లు జిగేల్‌మంటాయి, ఆర్నెల్లు తిరిగేసరికి స్విచ్‌బోర్డుల చుట్టూ చేతి మరకలు తేలతాయి.

మీ అభిరుచి మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఇన్నేళ్లుగా కొన్న చీరల్లో, చొక్కాల్లో, ఇల్లు మారిన ప్రతిసారీ పారేయకుండా మోసుకొచ్చిన సామాన్లలో ఉంది. ముందు దాన్ని చదవాలి. తర్వాత అది మన ఎండకూ దుమ్ముకూ నీళ్లకూ ఆగుతుందో లేదో చూసుకోవాలి. తీరిగ్గా చేస్తే మూడు నాలుగు వారాల పని. ఇక్కడి కొలతలన్నీ డబుల్, ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి.

మారనివాటిని ముందు రాసుకోండి

ఒక నోట్‌బుక్, టేపు, పెన్సిలు తీసుకుని ఖాళీ ఇంట్లోకి వెళ్లండి. గదికో పేజీ. పొడవు, వెడల్పు, నేల నుంచి పైకప్పు దాకా ఎత్తు, కిటికీ నేలకు ఎంత ఎత్తులో మొదలవుతుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, స్విచ్‌బోర్డులు, ఏసీ పాయింటు, టీవీ పాయింటు ఎక్కడున్నాయి, అన్నీ రాయండి. ప్రతి కిటికీ పక్కన దిక్కు రాయండి. ఎదురుగా ఇంకో టవర్ ఉంటే దాని రంగు కూడా రాయండి. ఎదుటి గోడ ఇటుకరంగుదైతే, దానిమీద ఎండ పడ్డప్పుడు మీ తెల్లగోడకు ఆ ఎర్రదనం అంటుతుంది.

తర్వాత బిల్డర్ వేసేసిన రంగులు చూడండి: నేల టైల్, టేకు సింహద్వారం, కిటికీ ఫ్రేములు, వంటగట్టు గ్రానైట్. టైల్ మీద తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడండి. షాపులో క్రీమ్ అనుకున్నది చాలాసార్లు లేత గులాబీగానో లేత ఆకుపచ్చగానో తేలుతుంది. ఇంట్లో అన్నిటికన్నా పెద్ద రంగు నేలదే కాబట్టి గోడ దానికి లొంగాల్సిందే. గులాబీ జీర ఉన్న టైల్ పక్కన పసుపు జీర ఉన్న గోడ వేస్తే రెండూ మాసినట్టు కనిపిస్తాయి. సైటు సూపర్‌వైజర్ దగ్గర మిగిలిన టైల్ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. రంగుల షాపుకి, కర్టెన్ల షాపుకి, సోఫా షాపుకి అది మీతోపాటు రావాలి.

వాస్తు చూసుకునే ఇల్లయితే ఆ మాటా ఇప్పుడే తేల్చేయండి. ఈశాన్యంలో దేవుడు, నైరుతిలో బరువైన బీరువా, దక్షిణానికో తూర్పుకో తలపెట్టుకునేలా మంచం అంటే సామాన్ల చోట్లు సగం ఖరారైనట్టే. డిజైన్ అంతా అయ్యాక అత్తగారో నాన్నగారో వచ్చి మంచం తిప్పమంటే వైరింగ్ మళ్లీ తవ్వాలి.

బీరువా తెరవండి

గత ఏడాదిలో ఎక్కువసార్లు కట్టుకున్న పది చీరలు తీయండి. ఖరీదైనవి కాదు, చేయి దానంతట అదే వెళ్లినవి. మగవాళ్లు చొక్కాలు తీయండి. భార్యాభర్తలు విడివిడిగా తీసి, తర్వాత పక్కపక్కన పరచండి. పగటిపూట మంచం మీద వరుసగా పెట్టి పైనుంచి ఒక ఫోటో తీసి, ఈ నాలుగు చూడండి.

అంచు ఒంటి రంగుకు ఎదురు రంగా, అదే రంగులో ముదురా? జరీ మెరుపు ఎంత? పువ్వు పెద్దదా, చిన్న బుటానా, అసలు లేదా? మొత్తం మీద ముదురా లేతా?

పదిలో ఏడు చీరలు ఒకే జవాబు చెబితే అది నమ్మదగ్గ జవాబు. ఒంటి నిండా ఏమీ లేకుండా సన్నటి జరీ అంచున్న మంగళగిరి చీరలే ఎక్కువైతే మీకు ఖాళీ గోడలు, అక్కడక్కడా ఒక ఇత్తడి గీత సరిపోతాయి. పోచంపల్లి ఇక్కత్ గళ్లు ఎక్కువైతే గీతల డిజైన్లు మీ కంటికి అలవాటే, సోఫా కవరైనా తివాచీ అయినా డిజైన్‌దే ఒకటి పెట్టుకోవచ్చు. గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అది నచ్చేవాళ్లకు మెరుపు కొసల్లోనే ఉండాలి. గోడలు, బీరువా తలుపులు మ్యాట్‌లో, మెరుపు హ్యాండిళ్లలో, దీపాల్లో. వెంకటగిరి లేత నూలు చీరలైతే పల్చటి కర్టెన్లు, గాలాడే గది. ఎదురు రంగు పెద్దంచు కంచిపట్టులైతే ఒక గోడ ముదురుగా వేసినా మీరు తట్టుకోగలరు.

చీరకీ గోడకీ ఒక తేడా ఉంది. చీర ఆరు గంటలు కట్టి మడత పెడతాం, గోడ ఆరేళ్లు ఎదురుగా ఉంటుంది. రాణీ రంగు, రామా గ్రీన్, ఆనంద బ్లూ చీర మీద ఎంత బాగున్నా నాలుగు గోడలకు వేస్తే నెల తిరక్కుండా విసుగొస్తుంది. ఆ రంగులకు దిండు గలీబులు, ఒక కుర్చీ, గూట్లో వెనక గోడ చాలు.

తర్వాత సామాన్లు. ఇల్లు మారినా వదలని పది వస్తువులు వరుసలో పెట్టండి. అమ్మమ్మగారి గంగాళం, పడక కుర్చీ, ఇత్తడి మరచెంబు, పుస్తకాలు, కొండపల్లి దశావతారాలు, ఏదైనా కావచ్చు. వాటికి ఇంట్లో చోటు ముందే రాసిపెట్టండి. కార్పెంటర్ పని పూర్తయ్యాక చోటు వెతికితే అవన్నీ అటకెక్కుతాయి. మీ ఇల్లు ఎదురింటి ఫ్లాటులా కనిపించడం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఫోటోలు, నలభైకి మించకుండా

రెండు వారాల గడువు, నలభై ఫోటోలు. నలభై ఒకటోది నచ్చితే పాతది ఒకటి తీసేయాలి. ప్రతి ఫోటో కింద ఒక్క వాక్యం రాయండి: ఇందులో నన్ను లాగింది ఏది? "బాగుంది" అని రాస్తే లెక్కలోకి రాదు. "సోఫా నేలకు దగ్గరగా ఉంది", "కిటికీ కింద కూర్చునే గట్టు", "దీపం పైనుంచి కాకుండా పక్కనుంచి వస్తోంది" అన్నట్టు ఉండాలి.

ఇది రాస్తుంటే తరచూ ఒక విషయం బయటపడుతుంది. మీకు నచ్చింది సోఫా కాదు, ఆ గదిలో ఏమీ లేకపోవడం. ఛార్జర్ తీగలు లేవు, బట్టలారేసే స్టాండు లేదు, చెప్పుల గుట్ట లేదు. అంటే మీకు కావాల్సింది తలుపులున్న అల్మరాలు, యుటిలిటీలో పైకి లాక్కునే దండెం, గుమ్మం పక్కన చెప్పుల పెట్టె. కొత్త సోఫా కొంటే ఆ ఫోటో రాదు.

ఫోన్ మూసి చూడాల్సినవీ ఉన్నాయి. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియంలో పాతకాలపు కుర్చీలు, మాదాపూర్ శిల్పారామం, ఊళ్లో లేపాక్షి, గోల్కొండ హస్తకళల ఎంపోరియంలు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో కావి, ఇటుక ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, సున్నపు తెలుపు, ఈ కాసిని రంగులే తిరిగి తిరిగి వస్తాయి. గదికి ఎన్ని రంగులు చాలో అక్కడ పది నిమిషాలు తల పైకెత్తి చూస్తే అర్థమవుతుంది.

పాత ఇళ్లనుంచి తెచ్చుకునేటప్పుడు వస్తువును కాక, అది అక్కడ చేసిన పనిని తెచ్చుకోండి. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నడిమధ్య ఖాళీ ఉంటుంది. వెలుతురు, గాలి, వాన, మాటలు అన్నీ అక్కడే. ఫ్లాటులో మండువా కట్టలేం గానీ హాలు మధ్య చోటు ఖాళీగా వదిలి చుట్టూ కూర్చోవచ్చు. స్తంభాల బొమ్మ ఉన్న వాల్‌పేపర్ అతికిస్తే మాత్రం మండువా రాదు, హోటల్ లాబీ వస్తుంది. ఉయ్యాల బల్ల కావాలంటే కొక్కేలు స్లాబులోకి వెళ్లాలి, ఫాల్స్ సీలింగుకి వేలాడదీయకూడదు. ఎక్కడ వేయొచ్చో బిల్డర్ ఇంజనీరును అడిగి, సీలింగ్ పని మొదలవకముందే వేయించండి. ఊగడానికి ముందూ వెనకా మూడేసి అడుగులు ఖాళీ లేకపోతే ఆ ఆలోచన మానుకోవడం నయం.

రెండు వారాలయ్యాక నలభైని పన్నెండుకు దించండి. వాటి కింది వాక్యాల్లో మళ్లీ మళ్లీ వచ్చిన మాటలకు సున్నా చుట్టి మూడు మాటలు తేల్చుకోండి. "చల్లగా, నేలబారుగా, ఇత్తడి మెరుపు" ఒక ఇంటి మాటలు కావచ్చు. "పుస్తకాలు, ముదురు చెక్క, పసుపు వెలుతురు" ఇంకో ఇంటివి. షాపుల్లో వినిపించే స్టైల్ పేర్లు మీకు అవసరం లేదు. ఏ వస్తువు ముందు నిలబడ్డా ఈ మూడింటిలో కనీసం రెండిటికి సరిపోతుందా అని చూసుకోండి. ఇంట్లో ఒక్కొక్కరికీ "ఇది మాత్రం వద్దు" అనే హక్కు మూడుసార్లు ఇవ్వండి. పిల్లలకూ ఇవ్వండి. వద్దన్నది వద్దే, కారణం అడగకూడదు. గొడవలు సగం తగ్గుతాయి.

రంగు ఎన్నిక: కార్డు మీద కాదు, గోడ మీద

ఎక్కువ నచ్చిన చీరను పాళ్లలో చూడండి. ఒళ్లు ఎక్కువ, అంచు కొంత, కొంగులో మెరిసేది కాస్త. గదికీ అదే లెక్క: ఇంచుమించు 60 పాళ్లు గోడలూ నేలా, 30 పాళ్లు కర్టెన్లూ చెక్కా సోఫా, 10 పాళ్లు దిండ్లూ బొమ్మలూ దీపాలూ. తప్పు ఎక్కువగా ముప్ఫై దగ్గరే జరుగుతుంది. కర్టెన్లు ఒక రంగు, సోఫా ఇంకో రంగు, టీవీ వెనక ప్యానెల్ మరో రంగు కొని, ఆ మూడూ కలవక గోడను తప్పుపడతారు.

రంగుల కార్డు మీద ముక్క వేలెడంత. గోడ మీదికి వెళ్లేసరికి అదే రంగు ముదురుగా, చిక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే నాలుగు గోడలూ ఒకదాని రంగును ఇంకొకదాని మీదికి విసురుకుంటాయి. కాబట్టి నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది కూడా పరీక్షకు పెట్టండి. మూడు రంగులు ఎంచి, అన్నిటికన్నా చిన్న డబ్బాలు కలిపించి, రెండడుగుల తెల్ల చార్టుల మీద రెండేసి కోట్లు వేయండి. చుట్టూ రెండంగుళాల తెలుపు వదలండి. నేరుగా పాతరంగు గోడ మీద వేస్తే పక్క రంగు కంటిని మోసం చేస్తుంది. పూర్తిగా ఆరాక చార్టును ఎండ పడే గోడకీ, చీకటి మూలకీ మార్చి మార్చి అతికించి, ఉదయం 7కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి లైట్లు వేసి చూడండి. ఒక రోజు చాలదు, మబ్బు రోజు కూడా ఒకటి చూడాలి.

దిక్కును బట్టి మొగ్గు ఇలా ఉంటే మేలు. ఉత్తరం కిటికీ గదిలో వెలుతురు నిలకడగా, కాస్త చల్లగా ఉంటుంది. అక్కడ బూడిదజీర తెలుపు వేస్తే ఆసుపత్రి గది అవుతుంది, గంధం రంగో మీగడ రంగో వేయండి. పడమటి గదిలో సాయంత్రం ఎండే పసుపు తెస్తుంది. అక్కడ లేత ఆకుపచ్చ, బూడిద నిలబడతాయి. నారింజ, మెంతి రంగు మే నెలలో గదిని పొయ్యిలా చూపిస్తాయి.

గోడ బాగుండి రాత్రి పాడైందంటే దోషం బల్బుది. మన ఇళ్లలో ట్యూబులైట్ల అలవాటు కొద్దీ 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీలే బిగిస్తాం. కెల్విన్ అంటే వెలుతురు రంగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపుకు తిరుగుతుంది. 6500 వెలుతురులో గంధం రంగు పాలిపోతుంది, ఇటుకరంగు గోధుమవుతుంది, టేకు చెక్క నల్లబారుతుంది. అట్టపెట్టె మీద కెల్విన్ అంకె చూసి కొనండి: హాలు, పడకగదులు, పూజగదికి 2700 నుంచి 3000, వంటగదికీ పిల్లల చదువు బల్లకూ 4000. ఒకే గదిలో రెండు రకాలు ఒకేసారి వెలగకూడదు. ఉంటే స్విచ్చులైనా వేరు చేయించండి. పక్కనే సీఆర్‌ఐ అని, ఆ వెలుతురులో రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే ఇంకో అంకె ఉంటుంది, అది 80 కన్నా తక్కువైతే వదిలేయండి. 90 దొరికితే భోజనాల బల్ల మీద బిగించండి, కూర రంగు కూరలాగే కనిపిస్తుంది.

రంగు ఎంత కావాలన్నది పెయింటర్ చెప్పినంత కాకుండా మీరూ లెక్క వేసుకోండి. 12×16 హాలు చుట్టుకొలత 56 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర అయితే 532 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు 80 తీసేస్తే సుమారు 450. దాన్ని డబ్బా మీద రాసిన కవరేజీతో, అంటే లీటరు ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో ఆ అంకెతో, భాగించండి. ఆ అంకె నున్నటి గోడకు వర్తిస్తుంది. పుట్టీ సరిగా తోమని గోడ ఇంకా తాగుతుంది. ఒక గదికి కావాల్సినదంతా ఒకేసారి కలిపించి, అర లీటరు మిగుల్చుకోండి. మూత మీద షేడ్ నంబరు, తేదీ, గది పేరు రాయండి. సోఫా ఎక్కించేటప్పుడు గీసుకున్న గోడకు అదే దిక్కు.

విదేశాల్లో ఉండి ఇక్కడి ఫ్లాటు చేయించుకునేవాళ్లకు ఒక మాట: వీడియో కాల్‌లో రంగు ఖాయం చేయకండి. ఫోన్ కెమెరా తెలుపును తనకు తోచినట్టు దిద్దుకుంటుంది. చార్టు ముక్కలు, లామినేట్ (చెక్కపని మీద అతికించే రంగుపొర) ముక్కలు కొరియర్‌లో తెప్పించుకోండి, లేదా ఇంట్లో ఒకరి కంటికి అధికారం ఇచ్చేయండి.

మన చేతిపనులు: ఒకటి రెండు చాలు

కళంకారీ కర్టెన్లు, చేర్యాల పటం, నిర్మల్ చిత్రం, కొండపల్లి బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, డోక్రా ఏనుగు, తోలుబొమ్మ దీపం, ఇవన్నీ ఒకే హాల్లో పెడితే ఎంపోరియం శాఖలా ఉంటుంది. గదికి ఒకటి పెద్దది, ఇంకొకటి చిన్నది, అంతే. ఏది ఎక్కడ బతుకుతుందో తెలిస్తే ఎంపిక తేలిక.

కళంకారీలో రెండున్నాయి. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసేది, కరక్కాయ కలిపిన పాలల్లో నానిన గుడ్డ మీద, బెల్లమూ ఇనుమూ ఊరబెట్టిన నలుపుతో. మచిలీపట్నం, పెడన వైపుది అచ్చులతో అద్దేది. మొదటిది గోడకు, ఫ్రేముకు. రెండోది గజాల లెక్కన దొరుకుతుంది కాబట్టి కర్టెన్లకు, దుప్పట్లకు. సహజ రంగులదైతే ఎదురెండకు వెలుస్తుంది. పడమటి కిటికీకి వేయకండి, తప్పదంటే వెనక లైనింగ్ కుట్టించండి.

చేర్యాల పటంలో నేపథ్యం సాధారణంగా ఎర్రగా ఉంటుంది. తెల్లగోడ మీద అది ఒక్కటే గదిని మోస్తుంది, ఇంకో బొమ్మ పక్కన పెట్టనివ్వదు. నిమ్మలకుంట తోలుబొమ్మల లాంప్‌షేడ్లు వెనక వెలుతురు ఉంటేనే అందం. లోపల తక్కువ వాట్ల పసుపు ఎల్‌ఈడీ మాత్రమే. వేడెక్కే పాత బల్బు పెడితే తోలు ముడుచుకుంటుంది.

కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రది, చాలా తేలిక. తడిగుడ్డతో తుడవద్దు, పొడి బ్రష్షు చాలు, అద్దాల అల్మరా అయితే ఇంకా మంచిది. ఏటికొప్పాక లక్క బొమ్మ వేడికి మెత్తబడుతుంది, పొయ్యి పక్కనా కిటికీ గట్టు మీదా పెట్టకండి. ఇత్తడి కొనేటప్పుడు పైన లాకర్ అనే పారదర్శకమైన పూత ఉందేమో అడగండి. పూత ఉన్నదాన్ని చింతపండుతో తోమితే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోయి చారలు పడుతుంది. పూత లేనిదైతే చింతపండే మందు, కానీ పదిహేను రోజులకోసారి తోమే ఓపిక ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇంకా తొందరగా నల్లబడుతుంది. ఇనుప కుర్చీలు అక్కడ అసలు వద్దు.

పోచంపల్లి గుడ్డతో దిండు గలీబులు కుట్టించాలంటే 44 అంగుళాల పన్నాలో మీటరుకు 16 అంగుళాలవి రెండు వస్తాయి. తడిపిన తెల్ల రుమాలుతో రుద్ది చూడండి, రంగు అంటితే నీళ్లలో విడిగా నానబెట్టి, నీళ్లు తేరేదాకా జాడించండి. నూలు గుడ్డ ఏదైనా ముందు తడిపి ఆరేసి, తర్వాతే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకుకే గలీబు బిగిసిపోతుంది.

వంటగది, చెక్కపని

ఇక్కడ అందం కన్నా తాలింపు గెలుస్తుంది. తలుపుల్లేని అరల్లో సీసాలు ఫోటోకి బాగుంటాయి, నెలకి నూనె జిడ్డు మీద దుమ్ము అతుక్కుంటుంది. తెల్లటి గట్టు రాయి మీద పసుపు పడి పావుగంట ఆగితే మరక. బోరునీళ్ల ఇంట్లో నల్ల సింకు, నల్ల కుళాయి కొంటే తెల్ల ఉప్పుచారలు తుడవడమే రోజూ పని. చీమకుర్తి నల్ల గ్రానైట్ పాత ఫ్యాషన్ అనిపించినా మన వంటకు దాన్ని మించింది అరుదు.

లామినేట్ ముక్కను చేతిలో పడుకోబెట్టి చూడకండి, తలుపు నిలువుగా ఉంటుంది కాబట్టి నిలబెట్టి చూడండి. కనీసం అడుగు ముక్క అడగండి. సింహద్వారం టేకు రంగుతో అచ్చంగా కలిసే లామినేట్ కోసం వెతక్కండి. దాదాపు కలిసినది తప్పులా కనిపిస్తుంది, స్పష్టంగా ముదురో లేతో అయితే కావాలని చేసినట్టుంటుంది. కార్పెంటర్‌కి ఫోటో చూపించి "ఇలాగే" అనకండి. అందులో మీరు రంగు చూస్తారు, అతను హ్యాండిల్ చూస్తాడు. గదికో కాగితం మీద ఫోటో, బాణాలు, కొలతలు, లామినేట్ నంబరు, హ్యాండిల్ రకం రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.

కొనేముందు పాత పేపర్లు పరవండి

సోఫా, మంచం, బల్ల కొలతలకు పేపర్లు అతికించి నేల మీద పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ నడవండి. మూడు సీట్ల సోఫా సుమారు 7×3 అడుగులు. నడిచే దారికి రెండున్నర అడుగులు తక్కువ కాకూడదు. సోఫాకీ టీపాయికీ మధ్య 16 నుంచి 18 అంగుళాలు. 55 అంగుళాల టీవీకి ఏడడుగుల దూరం బాగుంటుంది. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా కొలవండి. సోఫా పైకి ఎక్కక కిందే ఆగిపోయిన ఇళ్లు ఎన్నో.

పేపర్ల మీదే పండగలు కూడా పెట్టి చూడండి. వరలక్ష్మీ వ్రతానికి మండపం, సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు మెట్లు ఎక్కడ? ఐదారడుగుల ఖాళీ గోడ ఒకటి ఉండాలి, ముందు సోఫాను జరపగలగాలి. చుట్టాలొస్తే కింద పక్కలు పరచడానికి చోటుందా? ఆరు నెలలకోసారి వచ్చే అవసరమైనా, లేనప్పుడు ఇల్లు మీది కాదనిపిస్తుంది.

కర్టెన్లు రెడీమేడ్‌గా సాధారణంగా 5, 7, 9 అడుగుల పొడవుల్లో, 4 అడుగుల వెడల్పులో వస్తాయి. కిటికీ వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండింతలు గుడ్డ లేకపోతే కుచ్చు పడదు, దుప్పటి ఆరేసినట్టుంటుంది. రాడ్డు కిటికీకి పైన నాలుగైదు అంగుళాలు, అటూ ఇటూ ఆరేసి అంగుళాలు జరిపి బిగిస్తే కిటికీ పెద్దదిగా కనిపిస్తుంది. కింద నేలకు అర అంగుళం పైన ఆగాలి, తడిగుడ్డ పెట్టే ఇళ్లలో అంగుళం.

ఏది ముందు, ఏది తర్వాత

గృహప్రవేశం ముహూర్తానికీ అసలు చేరే రోజుకీ మధ్య ఎడం ఉంటే దాన్ని వాడుకోండి. గోడలకు చివరి కోటు గృహప్రవేశం తర్వాతే వేయించండి, హోమం పొగ పైకప్పుకు మసి పట్టిస్తుంది. హోమగుండం కింద ఇటుకలు, వాటి మీద ఇసుక పరవకపోతే వేడికి టైల్ పగులుతుంది. మామిడి తోరణానికి సింహద్వారం ఫ్రేములో రెండు చిన్న ఇత్తడి కొక్కేలు కార్పెంటర్ ఉండగానే వేయించండి. పండగనాడు మేకు కొడితే టేకు చీలుతుంది.

చేరేనాటికి మంచాలు, బీరువాలు, వంటగది, లైట్లు, కర్టెన్లు ఉంటే చాలు. సోఫా, తివాచీ, గోడ బొమ్మలు రెండు మూడు నెలలు ఆపండి. ఎండ ఎక్కడ పడుతోంది, ఎవరు ఎక్కడ కూర్చుని పేపర్ చదువుతున్నారు, చార్జర్లు ఎక్కడ చేరుతున్నాయి అన్నది అప్పుడు తెలుస్తుంది. ఆ మూడు మాటల కాగితం అప్పటిదాకా ఫ్రిజ్ మీద అతికించి ఉంచండి.

బొమ్మలు తగిలించే రోజు ముందు వాటి కొలతకు పేపర్ కత్తిరించి గోడకు అతికించండి. బొమ్మ మధ్యభాగం నేలకు 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో, సోఫా పైనైతే సోఫా వీపుకు ఆరేడు అంగుళాలు పైన, వెడల్పు సోఫాలో మూడింట రెండొంతులు. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా తీగ పైపు ఉంటుంది, అక్కడ డ్రిల్ పెట్టించకండి. పేపర్లు అన్ని గదుల్లోనూ వారం రోజులు ఉండనిచ్చి, డ్రిల్లు మనిషిని ఒక్కసారే పిలవండి.